పెన్సిలుతో

జనవరి చివరి వారం. కొండ మీద వాన.
రేకుల కప్పు మోతకి పేర్లు సరిగా వినిపించవు,
మళ్ళీ అడుగుతాను, మళ్ళీ చెబుతారు.
పేరు, ఊరు, జ్ఞానస్నానం ఏ గుడిలో,
ఆ తర్వాత వస్తుంది ఆ గడి:
తండ్రి వృత్తి.
అంగుళంన్నర పొడుగు.
అందులో పట్టే మనిషిని
ఈ మలూటీ కొండల్లో నేనింకా చూడలేదు.

లినేయో తండ్రి సరిహద్దు దాటి బంగారు గనికి పోయాడు.
ఎన్నేళ్ళయిందమ్మా?
పిల్ల వేళ్ళు మడిచింది. ఒక చెయ్యి అయిపోయింది,
రెండో చేతి బొటనవేలు దగ్గర ఆగిపోయింది.
"గని కార్మికుడని రాయనా?"
"ఇంకా అవునో కాదో మా అమ్మకే తెలీదు."

మొఖేథి వాళ్ళ పొలం ఆనకట్ట నీళ్ళ కింద ఉంది.
దానికి బదులు ఏడాదికిన్ని బస్తాల మొక్కజొన్న వస్తుంది.
వాళ్ళ నాన్న తడిసిన దుప్పటి భుజాన వేసుకుని
కుర్చీ అంచున కూర్చుని, నెమ్మదిగా,
"రైతు" అన్నాడు.
ఏ పొలమని నేనడగలేదు.

అమ్మ వృత్తికి గడే లేదు.
మార్జిన్లో రాస్తాను, చిన్న అక్షరాలతో:
మసేరులో జీన్స్ కుట్టే ఫ్యాక్టరీ, మూతపడింది.
ఊళ్ళో జొన్న కల్లు కాస్తుంది, అది మూతపడదు.
ఆదివారం ఫాదర్ గారు ఆ కల్లు మీదే గంటసేపు ప్రసంగిస్తారు,
సోమవారం ఆ డబ్బుకే నేను రసీదు చింపి ఇస్తాను.
నోట్లకి పులిసిన వాసన.
దేవుడికి తెలియనిదా!

బెర్నదెట్టా వచ్చింది, రెండు మినీబస్సుల యజమాని కూతురు,
తాళం ఉన్న కొత్త ట్రంకుపెట్టెతో.
సాయంత్రానికల్లా ఆ పెట్టెలో
నలుగురు పిల్లల సబ్బు ముక్కలు చేరాయి.
తాళంచెవి ఎవరి మెడలో ఉందో
ఇప్పుడు ఆ పిల్లకే గుర్తులేదు.

సిస్టర్ అల్ఫోన్సీనా తలుపు దగ్గర నిలబడి
"బిషప్ గారి ఆఫీసుకి లెక్కలు పంపాలి,
బీదలెందరు, మధ్యరకం ఎందరు, కలిగినవాళ్ళెందరు?"
సిస్టర్, జూన్‌లో మంచు పడ్డ రాత్రి
డార్మిటరీలోకి ఒకసారి వచ్చి చూడండి.
రెండు దుప్పట్లున్నవాళ్ళు ఎవరో,
ఒకే దుప్పటిలో ఇద్దరు ఎవరో,
తెల్లారేసరికి ఆ లెక్క ఎలా మారిపోతుందో.
ఇదంతా పైకి అనలేదు.
"రేపిస్తాను" అన్నాను.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక
గాడిద మీద అంగోరా మేక బొచ్చు మూట వేసుకుని సెయబాతా వచ్చాడు.
పందొమ్మిదేళ్ళు. మీసం వచ్చింది.
ఎనిమిదో తరగతిలో చేరతాడట.
ఇన్నాళ్ళూ కొండ మీద ఒంటరి గుడిసెలో మందతో ఉన్నాడు,
అక్షరాలు మేకల చెవి గుర్తుల్లో నేర్చుకున్నాడు.
తండ్రి వృత్తి?
"ఆయన లేడు. నాదే రాసుకోండి,
తమ్ముళ్ళిద్దరి ఫారాల్లో కూడా."

మూట తూకం వేస్తే
ఫీజుకి మూడు కిలోలు తక్కువ.
తూకం ముల్లు మీద వేలెట్టానో లేదో
నా ఒప్పుకోలు వినే ఫాదర్ గారికి మాత్రమే చెబుతాను.

ఇనుప బీరువాలో పాత రిజిస్టర్లున్నాయి.
ఒక దాంట్లో నా పేరు,
అప్పటి గుమాస్తా చేతిరాత, నీలం సిరా.
మా నాన్న గడిలో "గని" అని ఉంది,
దాన్ని కొట్టేసి "ఇంటి దగ్గర",
అదీ కొట్టేసి ఒక సిలువ గుర్తు.
ఏడాదిలో మూడుసార్లు.
పాళీ ఒత్తిడికి కాగితం చిరిగి
వెనక పేజీలో ఎవరి తండ్రికో చిల్లు పడింది.

అందుకే నేను పెన్సిలు వాడతాను.
తనిఖీకి వచ్చినవాళ్ళు ఏటా మందలిస్తారు,
ఏటా సరేనంటాను.
రబ్బరు పొట్టు బల్ల మీంచి ఊది
గుమ్మంలో గమ్ బూట్లు విడుస్తున్న పిల్లని పిలుస్తాను:
లోపలికి రామ్మా,
బూట్లతోనే రా, ఫరవాలేదు,
నేల ఎలాగూ తడిసే ఉంది.