లైట్‌హౌస్ అంటే

నాలుగో తరగతి, పదకొండో పాఠం.
లెసోతోలో, మొఖోట్లాంగ్ కొండల మీద మా బడి.
కిటికీ అద్దం పగిలిన చోట అట్టముక్క,
దాని సందులోంచి మంచుగాలి.
పిల్లలు ముప్పై ఒక్కమంది, పుస్తకాలు పద్నాలుగు.

తెలియని మాట ఎదురైతే బెదరకండని
నేనే చెప్పాను వాళ్ళకి.
విరిచి చూడండి, లోపల తెలిసిన మాట దొరకొచ్చు.
దొరక్కపోతే ఇరుగుపొరుగుని అడగండి,
ముందు వాక్యాన్నీ, వెనక వాక్యాన్నీ.
అప్పటికీ పలక్కపోతే
కళ్ళు మూసుకుని బొమ్మ కట్టండి.

లైట్‌హౌస్, అన్నాను.
ఠక్కున విరిచారు.
లైటు. హౌసు.
"దీపమున్న ఇల్లు!"
"దుకాణం మొసోతో వాళ్ళిల్లు! వాళ్ళకి సోలార్ ఉంది!"
ఇంత సరిగ్గా తప్పు చెప్పడం
పిల్లలకే చేతనవును.

లింఫో లేచి పేజీ అంతా చదివింది.
ఎక్కడా తడబడలేదు,
వాన కడిగిన గులకరాళ్ళలా ఒక్కో మాట.
మరి ఆ ముసలాయన రాత్రంతా ఎందుకు మేలుకున్నాడమ్మా?
లింఫో పేజీ వంక చూసింది.
పేజీ లింఫో వంక చూసింది.

ఓడ అన్నాను. సముద్రం అన్నాను.
మా దేశానికి సముద్రం లేదు.
నేనూ చూడలేదు, ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు.
సొరుగులో ఒక బొమ్మ ఉంది,
పాత క్యాలెండర్లోంచి కత్తిరించింది.
చెయ్యి సొరుగు దాకా వెళ్ళింది.

అప్పుడు వెనక బెంచీలో సెయబాటా.
మూడేళ్ళు గొర్రెల వెంట పోయి
ఈ ఏడే మళ్ళీ బడికొచ్చాడు.
దుప్పటి తియ్యడు. చదవమంటే
బురదలోంచి కాలు లాగినట్టు
ఒక్కో మాటనీ లాగుతాడు.
"ముసలాయన... దీపం... ఆర... ఆరనివ్వలేదు."
ఆగాడు.
మళ్ళీ మొదటికెళ్ళి మళ్ళీ చదివాడు.
నేను చెప్పిన ఉపాయమే అది కూడా,
ఎవరూ పాటించనిది.

"మే, ఎవరో బయట ఉన్నారు," అన్నాడు.
ఎవరు?
"తెలీదు. మంచులో గొర్రె తప్పిపోయి
మా అన్న వెతకడానికెళ్తే
నేను గుడిసె దగ్గర మంట ఆరనివ్వను.
ఎటు రావాలో తెలుస్తుందని.
ఎటు రాకూడదో కూడా.
మంట ఇటుంటే లోయ అటు."

లింఫో మెల్లగా అడిగింది,
"ఆ ఓడలో ఉన్నది ముసలాయన అన్న కాదుగా?"
"కాకపోతే ఏం?
వచ్చేదెవరో మంటకేం తెలుసు?"

సొరుగు మూసేశాను.
గోడ మీది మాటల పట్టీలో అర్థం రాయమని
సుద్దముక్క వాడికిచ్చాను.
ఎవరికోసమో ఆరనివ్వని మంట,
రాశాడు, రెండు అక్షరాలు తప్పు.
రేపు దిద్దొచ్చు.

గంట కొట్టాక
గొర్రెల్ని లెక్కపెట్టినట్టు పుస్తకాలు లెక్కపెట్టాను.
పదమూడు.
మళ్ళీ పదమూడే.
అట్టముక్క పక్కకి జరిపి చూస్తే
ఒక దుప్పటి కొండెక్కుతోంది,
ఒక వైపు కాస్త ఎత్తుగా, పలకగా.

పిలవలేదు.