యాడికి

బస్సులో కండక్టరు అడిగాడు, "యాడికి?"
యాడికికే అన్నాను.
"అదేనమ్మా, యాడికి?"
వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.
ఆ టికెట్టు ఇంకా దాచుకున్నాను.
ఊరి పేరూ ప్రశ్నా ఒకటే అయిన చోట
సామాను దించుకుని ఈ జూన్‌కి ఏడాది.

పదిహేడేళ్లు హైదరాబాదులో
పాలప్యాకెట్ల మీద, దగ్గుమందు సీసాల మీద
ఎవరెవరివో అక్షరాలు సర్దినదాన్ని.
నాదంటూ ఒక వరస గీయాలని వచ్చాను,
అ నుంచి ఱ దాకా,
చదువుతుంటే నాలుకకి సజ్జరొట్టెలా
కాస్త గరుకు తగిలే అక్షరాలు.

గోడకి కాగితం అంటించాను:
ఐదింటికి లేవాలి.
రోజుకి రెండక్షరాలు.
మధ్యాహ్నం దాకా ఫోను ముట్టరాదు.
దసరాకల్లా గుణింతాలు పూర్తి.
కాగితం కింది అంచు ఎలుక కొరికింది,
దసరా దాంతోపాటే పోయింది.

ఐదింటికి నేను లేవను, లేపుతారు.
కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు,
అవీ నలభై నిమిషాలు.
"లేయ్ మే, నీళ్లొచ్చినాయి" అని
కుళ్లాయమ్మ నా తలుపు మీద చెంబుతో కొడుతుంది.
బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కరు కూడా నింపి
కూర్చునేసరికి
ఎండ నాకంటే ముందే బల్లెక్కి ఉంటుంది.

బల్లంటే బల్ల కాదు.
పాలిషు ఫ్యాక్టరీ వాళ్లు పారేసిన నల్లబండ,
ఒక మూల విరిగింది,
రెండు ఇటుక దొంతుల మీద కూర్చోబెట్టాను.
సుద్దముక్కతో రాయడం, తడిగుడ్డతో తుడవడం.
మార్చి నెలంతా 'ణ' రాలేదు.
రాలేదంటే, వచ్చింది, నిలబడలేదు.
రెండో కడుపు బరువెక్కి పక్కకి ఒరుగుతోంది.
కాగితం మీద కాస్త కుదిరిందనుకున్న ఒక్కదాన్నీ
కుళ్లాయమ్మ మేక తినేసింది.
"తినబుద్దయ్యేట్టు రాసినావు మల్ల" అందామె.
అది ఓదార్పో, విమర్శో ఇంకా తేలలేదు.

పాత ఆఫీసు నుంచి సుభాషిణి ఫోను చేస్తుంది,
"అక్కడ ప్రశాంతంగా ఉందా?"
పక్కింట్లో మగ్గం,
ఎదురింట్లో బోరుబావి పంచాయితీ,
నడిరాత్రి కరెంటొస్తే
చేనికి పరుగెత్తే చెప్పుల చప్పుడు.
ఎప్పుడో ఒక మబ్బు,
అదీ పామిడి మీదుగా ఎటో పోతుంది.
నా కోసం నోరు మూసుకుంటానని
ఈ ఊరు ఎన్నడూ మాటివ్వలేదు.

డబ్బుకి గుత్తి ప్రెస్సు వాళ్ల పెళ్లిపత్రికలు.
వరుడి పేరు కన్నా బి.టెక్ పెద్దగా ఉండాలన్నారొకరు.
చేసిచ్చాను.
కోపం రాలేదు.
రానందుకు ఆ పూట భయమేసింది.

విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే రోజుల్లో
కుళ్లాయమ్మ అరుగు మీద నేనూ కూర్చున్నాను.
బొటనవేలు బొబ్బలెక్కింది.
చేటలో ఒక కాయ,
నడుము సన్నం, రెండో గింజ దగ్గర ఉబ్బు,
అయినా తొణక్కుండా పడుకుని ఉంది.
ఒలవకుండా రవికెలో దోపుకున్నాను.
"ఏందే, పచ్చిదే తింటావా?"
ఆ రాత్రి బండ మీద ణ నిలబడింది.
దాని పక్కన పాత 'న' వెలవెలబోయింది,
అది మళ్లీ మొదటినుంచి.

నాగలింగం అంగడి తలుపు మీద
'కిరాణం' అని నీలిరంగుతో రాశాను.
ఎవరూ ఆగి చూడలేదు,
ఒక పిల్లాడు మాత్రం "లావైంది" అని పోయాడు.
తడి ఆరకముందే
అదే మేక వచ్చి వీపు రుద్దుకుంది.
ణ తోక కొంచెం ఎడమకి సాగింది.
దిద్దబోయి, కుంచె పట్టుకుని
చాలాసేపు నిలబడి,
వదిలేశాను.
మేక వీపు మీద నా నీలం
మూడు రోజులు ఊరంతా తిరిగింది.

ఇంకా ముప్పై ఒక్క అక్షరాలు.
గుణింతాల సంగతి ఎలుకనే అడగాలి.
రేపు నీళ్ల రోజు,
కుక్కరు కడిగి పెట్టుకోవాలి.