బరువులేని తాడు

పోయిన సెమిస్టరంతా సున్నాలతోనే గడిచింది.
వంతెన కదలదు, దూలం కదలదు,
బలాలన్నీ కూడితే సున్నా.
రాత్రి పదింటికల్లా నిద్ర.

ఈ సెమిస్టర్లో అన్నీ కదులుతున్నాయి.

వాల్పరాయిసోలో సాయంకాలం కాలేజీ,
మూడో అంతస్తు, సరిగా పడని కిటికీ.
సముద్రపు గాలికి ఓర్మేన్యో సారి సుద్దపొడి
ముందు వరసలో నా నోట్సు మీదే రాలుతుంది.
బోర్డు మీద ఒక కప్పీ,
అటొక పెట్టె, ఇటొక పెట్టె.
"తాడుకి బరువు లేదు, కప్పీకి ఘర్షణ లేదు,
త్వరణం ఎంత?"

వెనక బెంచీలో నిబాల్దో చెయ్యెత్తాడు.
నలభై ఆరేళ్ళు, గోళ్ళ సందుల్లో గ్రీజు.
పగలు కొండ మీది తాళ్ళబండి నడుపుతాడు,
ఒక పెట్టె పైకొస్తుంటే రెండోది కిందికి దిగే
ముత్తాతల కాలపు బండి.
"ఏ కొట్లో దొరుకుతుంది సార్, ఆ తాడు?"

క్లాసంతా నవ్వింది, సారూ నవ్వాడు.
నిబాల్దో మాత్రం నిజంగానే అడిగాడు.
"నాది మీటరుకి రెండు కిలోలు తూగుతుంది."

ఆయనకి లెక్కలు చెప్పే పని నామీద పడింది.
పంతొమ్మిదేళ్ళ దాన్ని, అన్నీ తెలుసు నాకు.
"ముందు పెట్టెని లోకం నుంచి కోసెయ్యాలి.
కోసిన ప్రతిచోటా ఒక బాణం గియ్యాలి.
తాడు తెంచావా, బాణం.
కిందున్న నేల తీసేశావా, బాణం."
చెవి మీది పెన్సిలు తీసి, నాలుక కరుచుకుని
తిన్నగా గీశాడు.
"తెంచిందల్లా బాణమై మిగులుతుందన్నమాట."
అవునన్నాను. అంతకుముందు నాకలా తోచలేదు.
పేజీ అంచున ఏదో పేరు రాసి కొట్టేశాడు.
నేనడగలేదు.

ఒక రాత్రి, ఆఖరి బండి వేళకి
ఇంజన్ గదిలోకి రమ్మన్నాడు.
నాకంటే ఎత్తు చక్రం, దానికి కొయ్య పళ్ళు,
గోడకి ఎవరిదో పాత గొడుగు.
ఇనప చట్రం మీద నా అరచెయ్యి పెట్టించి
కళ్ళు మూసుకోమన్నాడు.
"ఇప్పుడెక్కారు. ఇద్దరు.
ఒకళ్ళ దగ్గర బరువుంది, కింద పెట్టారు. ఒక కుక్క."
నాకు వణుకు తప్ప ఏమీ తెలీలేదు.
గంట మోగింది, చక్రం తిరిగింది,
కాసేపటికి తలుపు తీసుకుని
ఇద్దరు ఆడవాళ్ళు, ఒక గ్యాస్ సిలిండరు,
వాటి ముందు దర్జాగా కుక్క.
నా సమీకరణంలో కుక్కకి చోటు లేదు.

పరీక్షలో నాలుగో ప్రశ్న ఆ కప్పీయే.
ఆరు వరసల్లో తేల్చి జవాబు చుట్టూ గడి కట్టాను.
ఆయన మూడు పేజీలు రాశాడట:
పెట్టె దిగేకొద్దీ అటువైపు తాడు పెరుగుతుంది,
ఇటువైపు తరుగుతుంది,
కాబట్టి త్వరణం ఒక్కచోట నిలవదు, అని.
అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. టైమైపోయింది.
ఏడుకి రెండున్నర.
ఎర్ర సిరాతో: "ప్రశ్న ఇది కాదు."
దాని కింద, చెరిపేయొచ్చన్నట్టు పెన్సిలుతో:
"మంగళవారం నా గదికి రా. ఇది పూర్తి చేద్దాం."

మర్నాడు పొద్దున్నే ఆయన బండెక్కాను.
సగం కొండలో ఎదురు పెట్టె వచ్చింది,
అద్దానికి ముక్కు ఆనించిన బడిపిల్లాడు
నావైపు చూసి కిందికి జారిపోయాడు.
అప్పుడు వెలిగింది.
ఇక్కడ, ఈ ఎదురుపడే చోట,
అటు తాడూ ఇటు తాడూ సమానం.
ఒకదాని బరువుని ఒకటి కొట్టేసుకుంటాయి.
సారు తాడు దొరికే చోటు ఇదే,
దొరికినంతలోనే దాటిపోతాం.

పైకెక్కగానే పరిగెత్తి చెప్పాను.
రొట్టె నములుతూ విన్నాడు.
"తెలుసు," అన్నాడు.
"అక్కడికొచ్చేసరికి మోటారు గొంతు మారుతుంది.
అలా రాస్తే
మార్కులిస్తారా?"