మొగ్గు

మనౌస్ రేవులో ఇరవై ఏళ్లుగా చేపలు తూచే ఇరాసిల్డా
ఇవాళ తనే ఎక్కింది కాటా.
మూడొందల గ్రాముల మొగ్గు!
కొసరడిగితే ఎవరికీ ఇంత వెయ్యలేదు తను.

రాత్రికి అన్నం లేదు.
ఉతికిన కిమోనో ఈ నది గాలికి ఆరనంటోంది.
తెల్ల బెల్టు ముడి జారిపోతోంది;
పడవ తాడైతే కళ్లు మూసుకుని బిగించేది.

వాల్దెసీర్ మాస్టారు మొదట నేర్పింది పట్టు కాదు,
తట్టడం.
"ఊపిరాడకపోతే రెండుసార్లు తట్టు.
తట్టినవాళ్లే మర్నాడు మళ్లీ వస్తారు."
ఆర్నెల్లుగా అందరి చేతిలోనూ తట్టింది,
పళ్లకి క్లిప్పున్న పదహారేళ్ల పిల్ల చేతిలో కూడా.

ఆదివారం పోటీ. అవతల ఎవరో తెలీదు.
ఈలోగా, బేరం మధ్యలో,
తంబాకి చేప మొప్పల్లోకి దూరినంత అలవాటుగా
వేళ్లు ఎదుటివాళ్ల కాలరు వైపు వెళ్తున్నాయి.

కొనడానికొచ్చినాయన
ఒకడుగు వెనక్కి జరిగాడు.