సి షిఫ్టు

కూర్మన్నపాలెం గేటు బయట, టీ బల్ల మీద
దూరవిద్య పుస్తకం.
రేపు సోషియాలజీ రెండో పేపరు.

శ్రమ, చేసినవాడికే పరాయిదవుతుందట.
అసిరప్ప టీ ఊదుకుంటూ
"మనం పోసిన ఇనుం ఏ ఊరి వంతెనయిందో
నీకు తెలుసేటి?" అన్నాడు.

'ఇనుప పంజరం' కింద గీత గీస్తుంటే
మెళ్ళో గేటుపాసు పేజీకి అడ్డమొచ్చింది.

పని పంచుకున్నవాళ్ళు
తెలీకుండానే ఒకరికొకరు కీళ్ళవుతారట.
కోక్ ఓవెన్ దగ్గర వీడి చెయ్యి కాలినపుడు
కాంట్రాక్టరు ఫోనెత్తలేదు.
పేరు తెలియని క్రేను ఆపరేటరే
స్కూటరెక్కించి గాజువాక దాకా తీసుకెళ్ళాడు.

తాత జీడితోట ఏదీ అంటే
అమ్మ ఇప్పటికీ మూడో చిమ్నీ చూపిస్తుంది.
ఆ చాప్టరు మాత్రం
ఎంత వెతికినా దొరకలేదు.

సైరన్.
అసిరప్ప నా టీ డబ్బులూ ఇచ్చేశాడు.