నీటిని బట్టి గీత

ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో
బిల్లుల కిటికీ నాది.
తెల్లారగట్ల మూడింటికి మొదలు.
ఎన్ని దిమ్మలు, ఎవరి బోటు, ఎంత బాకీ,
అన్నీ ఈ టాబ్లెట్‌కే తెలుసు.

పాతది నాలుగేళ్లు
తాడు విప్పని మేకలా గోడ పక్కనే బతికింది.
రాత్రీ పగలూ నూరు, నూరు, నూరు.
ఒక పొద్దున అద్దం ఓ పక్కకి లేచింది
లోపల ఎవరో తలుపు తోస్తున్నట్టు.
డాబాగార్డెన్స్ సందులో జిలానీ దాన్ని విప్పి
ఉబ్బిన బ్యాటరీని రెండువేళ్లతో ఎత్తి చూపించి
"ఆకలితో పోలేదమ్మా, అజీర్తితో పోయింది" అన్నాడు.
కొత్తదాని ఖరీదు నా జీతంలోంచి కోస్తారేమోనని
నవ్వు సగంలో ఆపేశాను.

కొత్తదాంట్లో ఒక గీత ఉంది.
వేలితో జరపొచ్చు.
ఎనభై దగ్గర పెట్టాను.
ఆ రాత్రి, తీగ గుచ్చి ఉండగానే, ఆగింది.
చెప్పిన చోట ఆగేదాన్ని
ఇంట్లో గానీ రేవులో గానీ
అంతకుముందు నేను చూళ్లేదు.

మా నాన్న షిప్‌యార్డులో పెయింటరు.
ఓడ డొక్క మీద వలయం గీసి
దాని నడుమ అడ్డగీత గీసి
పక్కన నిచ్చెన మెట్లలా చిన్నగీతలు దిద్దేవాడు.
ఎంత సరుకెక్కినా నీళ్లు ఆ గీత దాటకూడదు.
"ఇన్ని గీతలేటి నాన్నా, ఒక్కటి చాలదా?"
కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అనేవాడు:
"ఎండాకాలం సముద్రానికొకటి, చలికాలం దానికొకటి,
మంచినీళ్లలోకెల్తే ఇంకొకటి.
నీటిని బట్టే గీత.
ఏ నీళ్లలో ఉన్నాడో
ఓడ మీదున్నోడికి తెలియాల."

మొన్న అక్టోబరులో రాత్రికి రాత్రే
టాబ్లెట్ తనను తాను మార్చుకుంది.
పొద్దున చూస్తే జరిపే గీత లేదు.
"మీ అలవాట్లు నేర్చుకుంటున్నాను" అని ఒక వాక్యం,
కింద "సరే" అని ఒకే బొత్తాం.
వద్దనడానికి చోటే పెట్టలేదు.

నా అలవాట్లా?
వంజరం పడితే ఒక వేళ, ఇంజను చెడితే ఇంకో వేళ,
ఎల్లాజీ బోటు మంగళవారం అని చెప్పి శుక్రవారం వస్తుంది,
నూకరత్నం అరువు ఐసుకు వేళాపాళా లేదు.
నేనే నేర్చుకోలేకపోయాను,
నువ్వేం నేర్చుకుంటావు?

ఆ వారమే రేవులో తుపాను జెండా ఎగిరింది.
హుద్‌హుద్ చూసిన కళ్లివి.
కరెంటు ఎన్నాళ్లు రాకుండా ఉండగలదో వీటికి తెలుసు.
టాబ్లెట్ మాత్రం ఎనభై దగ్గర కూర్చుని
"బ్యాటరీని కాపాడుతున్నాను" అంటోంది.
పదహారు బోట్లు ఇంకా బయటే ఉన్నాయే తల్లీ!
సెట్టింగులు, అందులో బ్యాటరీ, అందులో మరిన్ని,
అందులో ఎవరూ నొక్కని మూడు చుక్కలు.
అట్టడుగున దొరికింది
చీర మడతలో మరిచిపోయిన నోటులా:
"ఈ ఒక్కసారికి నిండుగా."
నొక్కాను.
ఎనభై ఒకటి.
ఎనభై రెండు.
పిల్లాడికి జ్వరం చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

పదింటికి కరెంటు పోయింది.
రేకులు దడదడలాడాయి.
వైర్‌లెస్‌లో ఒక్కో పేరూ వినపడుతుంటే
ఆ చిన్న వెలుతురులో ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చాను.
పదిహేను.
ఎల్లాజీది భీమిలి దగ్గర ఒడ్డు పట్టిందని తెల్లారి కబురు.
కరెంటు మూడింటికే వచ్చేసింది.
టాబ్లెట్‌లో ఇంకా యాభై మూడు.
దెబ్బలాడి తెచ్చుకున్న ఆ ఇరవై
ఖర్చే కాలేదు.

"మరి అంత గోల దేనికి?" అన్నాడు ఓనరు.
జవాబు తోచలేదు.
తను దిద్దిన గీతల్లో దేని దాకా ఏ ఓడ మునిగిందో
నాన్నకీ ఎప్పుడూ తెలియలేదు.

ఎండ కాసింది.
మూడు చుక్కల అడుక్కి మళ్లీ దిగి
ఎనభై పెట్టి వచ్చాను.
ఈసారి ఆ దారంతా
కిటికీ పక్క గోడ మీద రాశాను,
ఎక్కడ తిరగాలో అక్కడొక చిన్నగీతతో,
తెల్లపెయింటుతో,
నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి.