సిఫార్సు చేసేవారి హోదా

ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ –
గంటకింత లెక్కన పాఠం చెప్పే నాకు
అట్టడుగున ఒక మాట దొరికింది:
ఇతరులు.
దాన్నే నొక్కిన.

కాలేజీ ఈమెయిల్ కావాలట.
మా కాలేజీకి బోర్డుంది, బోరుంది.
ఉన్న ఒక్క మెయిలు పాస్‌వర్డు
బదిలీ మీద జనగామ పోయిన క్లర్కు దగ్గరుంది.
'పెండ్లిల ఉన్న మేడం' అన్నడు,
బ్యాండు చప్పుట్ల
ఒక్కో అక్షరం అరిచి చెప్పిండు.

అభ్యర్థిని: కొయ్యడ ప్రవళిక, బీఎస్సీ రెండో ఏడు.
తరగతిలో పై ఐదు శాతంలో ఉందా?
తరగతిలో ఉన్నదే ఏడుగురు.
ఐదు శాతమంటే
మనిషిలో మూడో వంతు.
ఏ మూడో వంతు రాయను?
పొద్దున ఎనుమాముల యార్డుల
తాలు మిర్చి ఏరే చేతులా,
పదిన్నరకు బస్సు దిగి
హాజరు పిలుపుకు ముందే ఉరికొచ్చే కాళ్లా?

ప్రయోగశాల భద్రతా నియమాలు తెలుసా?
తొమ్మిదో ఏట నుంచీ తెలుసు –
మిరప ముట్టిన వేళ్లతో
కండ్లు నలుపుకోదు,
మోచేత్తో తుడుచుకుంటది.

వాడిన పరికరాలు రాయమంది.
స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది మాకు,
బీరువాలో.
తనిఖీకి వచ్చిన రోజు తీసి, తుడిచి,
ఫొటో దిగి
మళ్లీ లోపల పెడతం.
'వాడింది' గడిలో
'చూసింది' అని రాస్తే పడుతుందా?

ఒకసారి టైట్రేషన్ నడుమ
బ్యూరెట్ కట్టేసి మరీ అడిగింది –
నీలం పరదా మీద ఎండిన మిర్చి
నల్లదాని మీది మిర్చి కన్న
జెల్ది ఎందుకు తెల్లబడతది మేడం?
ఇసొంటిది నేనడిగిన వయసులో
సిలబస్‌ల లేదు కూసో అన్నరు.
తెల్వదు, అన్న నేను.

నెల తిరగకముందే
రెండు పరదా ముక్కలు, యాభై కాయలు,
పదిహేను ఎండల లెక్క
రూళ్ల నోటుబుక్కుల తెచ్చింది.
మబ్బు పట్టిన రోజుకు గీత కొట్టి
'ఈ రోజు లెక్కకు రాదు' అని రాసుకుంది.
చివరి పేజీల ఒకటే వాక్యం:
ఇంకా తెలియలేదు.

ఉత్తరం అక్కడ్నే మొదలు పెట్టిన.

చౌరస్తా నెట్ సెంటర్ షట్టర్
సగం దించిండ్రు.
పన్నెండుకు ఇరవై నిమిషాలు.
తెర మీద తిరుగుతున్న గుండ్రం వంక చూస్తూ
వాళ్ల నాయన అడిగింది గుర్తు చేసుకుంటున్న –
మే, జూన్ అంటే కూలి దొరికే దినాలు గదమ్మా,
వాళ్లిచ్చే పైసలు ముందిస్తరా, పోయినంక ఇస్తరా?
ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

పోయింది.
వెంటనే జవాబు, ఎవరూ రాయని జవాబు:
'ధన్యవాదాలు, ప్రొఫెసర్ గారూ.'
నవ్వొచ్చింది. నెట్ సెంటర్ పిలగాడు
ఇరవై రూపాయలన్నడు.

ప్రవళికకు ఫోన్ చేసిన.
అటు లారీకి బస్తాలు ఎత్తే కేకలు,
రెండు తుమ్ములు, ఆ తర్వాత ఆమె గొంతు.
ఎప్పుడు చెప్తరు, ఏమన్నరు, ఏదీ అడగలే.
'రేపు బీరువా తాళం ఉంటదా మేడం?'

ఉంటది, అన్న.
ఎవరి దగ్గరుందో
నాకే ఇంకా తెలియలేదు.